కిటికీ ఉన్న ట్యాంకు

మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఇప్పుడు భోజనాలు లేవు. నిజామాబాద్‌లో మా దగ్గరే ఉండి ఇంజనీరింగ్ చదువుతున్న మనవరాలు దాన్ని యుద్ధభూమిగా మార్చేసింది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ప్లాస్టిక్ యుద్ధ ట్యాంకు ఒకటి, అరచేతిలో పట్టేంతది, బల్ల మధ్యలో కూర్చుంది. దాని చుట్టూ రంగుల సీసాలు, సన్నటి కుంచెలు, పట్టకార్లు, జిగురు. ముక్కలు అతికించడం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు నడుస్తున్నదంతా దాన్ని నిజమైన ట్యాంకులా కనిపించేట్టు చేసే పని. లేని తుప్పు పట్టిస్తుంది, బాగున్న రంగును గీకి పాతగా చేస్తుంది. మేమేమో పళ్లేలు ఒళ్లో పెట్టుకుని తింటున్నాం.

మొన్న మనవరాలు దాని చక్రాలకు బురద పూస్తుంటే నేను ఊరుకోలేకపోయాను.

"గది బురదనా? శెనగపిండి లెక్కున్నది" అన్నాను.

"ఫొటో చూసే కలిపిన అమ్మమ్మా."

"ఫొటోల ఏం తెలుస్తది? ఆరినకాడ తెల్లగైతది, సందులల్ల నల్లగనే ఉంటది. చక్రాల మీది పట్టా నేలకు రాసుకునే కాడ అసలు ఆగనే ఆగదు."

అది కుంచె కింద పెట్టి నా మొహం చూసింది. "నీకెట్ల ఎరుక?"

"మేము గూడ జేసినం ఒకటి" అన్నాను.

ఇక అది వదిలితేనా! ఆ రోజు దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. చెబుతున్నంతసేపూ బల్ల మీది జిగురు వాసన ఎటో పోయి, నవాసాగరం పొగ వాసన నా ముక్కుకు తగులుతూనే ఉంది.

మేము అప్పుడు బోధన్‌లో ఉండేవాళ్లం. బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచే కాంటా దగ్గర పనిచేసేవాడు. చలికాలం రాగానే ఊరంతా ఒకటే వాసన. ఉడుకుతున్న చెరకు రసం తీపి, దాని వెనకాలే మొలాసిస్ మడ్డి పులుపు, ఎడ్ల పేడ, తడిసిన పిప్పి. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు ఆ వాసన లేకపోతేనే ఏదో కొదవగా ఉండేది. ఫ్యాక్టరీ గొట్టంలోంచి మసి రాలి ఆరేసిన బట్టల మీద, ఎండబెట్టిన వడియాల మీద పడేది. మసి పడని వడియం తిన్న గుర్తు నాకు లేదు.

రెంజల్ వైపు నుంచి చెరకు బండ్లు బారులు తీరి వచ్చేవి. మేము వెనకనుంచి పోయి గడ గుంజుకుని పరిగెత్తేవాళ్లం. బండివాళ్లు సగం మంది మరాఠీలో తిట్టేవాళ్లు. ఆ తిట్లు మాకు అర్థమయ్యేవి కావు కాబట్టి తగిలేవీ కావు. ఒకసారి ఒక బండాయన తిట్టి తిట్టి అలసిపోయి, తనే ఒక గడ విరిచి నా చేతిలో పెట్టాడు. ఆ గడకు మాత్రం ఎందుకో అంత రుచి లేదు.

మా గోడకు అవతల చాచా వాళ్ల ఇల్లు. చాచా రేకు పని చేసేవాడు. ఇంటి ముందరి గదే దుకాణం. చిమ్నీ దీపాలు, గరాటాలు, కిరోసిన్ పోసే కొలతలు చేసేవాడు. ఊళ్లో ఏ బకెట్టు కారినా, ఏ డబ్బాకు బెజ్జం పడినా ఆయన దగ్గరికే వచ్చేది. బొగ్గుల మీద కడ్డీ కాల్చి, నవాసాగరం ఉప్పు మీద రుద్ది, సీసం కరిగించి బెజ్జానికి మాటు పెట్టేవాడు. ఆ తెల్లటి పొగ గొంతులో గుచ్చుకునేది, అయినా నేను అక్కడినుంచి కదిలేదాన్ని కాదు. చాచా చాలా తక్కువ మాట్లాడేవాడు. కత్తిరించగా మిగిలిన రేకు ముక్కలు నాకిచ్చి, అంచులు మడవకపోతే వేలు తెగుతుందని ఒక్కసారి చెప్పేవాడు. రెండోసారి చెప్పేవాడు కాదు.

ఆయన భార్యను ఖాలా అనేదాన్ని. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ, ఖాలా ఒకే చాటలో బియ్యం ఏరుకునేంత దోస్తులు. మా ఇంట్లో వండింది నాకు నచ్చకపోతే గోడ దూకి ఖాలా ఇంట్లో తేలేదాన్ని. ఆమె చింతపండు వేసి చేసే ఖట్టీ దాల్, వేడి జొన్నరొట్టె మీద పోసుకుని ఎన్నిసార్లు తిన్నానో! నేను తింటుంటే ఆమె నా జడ విప్పి మళ్లీ వేసేది. మా అవ్వ వేసిన జడ ఆమెకు ఎప్పుడూ వదులుగానే కనిపించేది.

వాళ్లకు ఒక్కడే కొడుకు. నేను భాయ్ అని పిలిచేదాన్ని. అతను ఫౌజులో చేరాడు. ఎక్కడ పని అంటే "ట్యాంకులో" అని చాచా చెప్పాడు. అక్కడే వచ్చింది తంటా అంతా.

బోధన్‌లో ట్యాంకు అంటే రెండే. ఒకటి నీళ్లది, రెండోది ఫ్యాక్టరీలో మొలాసిస్ నింపేది. మూడో ట్యాంకు ఒకటి ఉంటుందని ఆడవాళ్లకు తెలియదు, చాలామంది మగవాళ్లకూ తెలియదు. నీళ్ల ట్యాంకు డ్యూటీ అంటే ఊళ్లో అందరికీ కుళ్లు. కుర్చీలో కూర్చుని, నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి, చాయ్ తాగడమే పని. ఖాలా తన కొడుక్కి అలాంటి నౌకరీ దొరికిందనుకుంది.

"ఫౌజుల గూడ మనుషులే గదా, నీళ్లు తాగాలె గదా" అని బావి దగ్గర అందరికీ చెప్పేది. "మావోడు ట్యాంకు జూసుకుంటడు. బందూకు ముట్టే పనే లేదు."

చాచా ఆ మాటలు వినేవాడు. కాదనేవాడు కాదు, అవుననేవాడూ కాదు. సుత్తి కొంచెం గట్టిగా కొట్టేవాడంతే.

ఆ చలికాలంలోనే, డెబ్భై ఒకటి చివర్లో, యుద్ధం వచ్చింది. మా ఇంట్లో రేడియో ఉండేది కాబట్టి వార్తల వేళకు వాకిలి నిండేది. ఒక సాయంత్రం ఖాలా మా అవ్వ పక్కన కూర్చుని బియ్యం ఏరుతోంది. రేడియోలో ట్యాంకులు కాలిపోయాయని చెప్పారు.

ఖాలా తలెత్తి బాపును అడిగింది. "నీళ్ల ట్యాంకు ఎట్ల కాలుతది భాయ్‌సాబ్?"

మా బాపు మంచివాడే గానీ, అడిగినదానికి పూర్తిగా జవాబు చెప్పకుండా ఉండలేడు. "గది నీళ్లది గాదు బహెన్. ఇనుప బండి. సుట్టూత ఇనుమే. మీద మూత ఉంటది. మూత తీసి మనుషులు లోపటికి దిగుతరు, దిగి మూతేసుకుంటరు. ముందుకు గుండ్లు గొట్టే తోపుంటది" అని చేతులతో సహా చూపించాడు. అవ్వ కళ్లురిమింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఖాలా చేతిలో చాట ఆగిపోయింది.

మూత తీసి దిగే ట్యాంకు ఖాలాకు తెలిసింది ఒక్కటే, మొలాసిస్‌ది. ఆ ట్యాంకు వైపు వెళ్లొద్దని పిల్లలందరికీ ఇళ్లల్లో గట్టిగా చెప్పేవాళ్లు. మూతలోంచి తొంగి చూసినా ఆ ఆవిరికి గాలాడక పడిపోతారని భయపెట్టేవాళ్లు. ఆమె కూడా నన్ను ఎన్నోసార్లు భయపెట్టింది. ఇప్పుడు ఆమె కళ్ల ముందు ఆమె కొడుకే మూత తీసి అందులోకి దిగుతున్నాడు.

ఆ పూట నుంచి ఖాలా అన్నం మానేసింది. చాచాతో మాట కూడా మానేసింది.

"నా కొడుకు గాలాడని డబ్బల కూసుంటె నేను వాకిట్ల కూసోని రొట్టె తినాలెనా?" అనేది. చాయ్ నీళ్లు మాత్రం తాగేది. మా అవ్వ బతిమాలింది, తిట్టింది, గంజి కలిపి నోటిదాకా తీసుకుపోయింది. ఖాలా మొహం పక్కకు తిప్పుకునేది. జాకెట్టు చేతులు వదులయ్యాయి. ఒక పొద్దున బావి దగ్గర చెంబు పట్టుకునే కూలబడిపోయింది. నలుగురూ పట్టుకుని ఇంట్లో పడుకోబెట్టారు. ఆమె చనిపోతుందేమోనని నాకు మొదటిసారి భయం వేసింది. నా జడ అప్పటికి రెండు రోజులుగా అలాగే ఉంది. దువ్వుకోవాలని కూడా అనిపించలేదు.

అవ్వ నేరుగా దుకాణంలోకి పోయి చాచాను నిలదీసింది.

"గామె తిననంటున్నది. లోపట ఎట్లుంటదో సూడక గదా గంత బుగులు! రేకు పనోనివి గదా, గట్లాంటిదొకటి జేసి ముందర పెట్టరాదా?"

"నేను గరాటలు జేస్తగని ట్యాంకులు జేస్తనా అక్కా?" అన్నాడు చాచా.

"గరాట కంటె కష్టమా?"

చాచా ఒక డాల్డా డబ్బా తీసి, కత్తెరతో నిలువునా చీల్చాడు.

బాపు చదివే పేపర్లో ట్యాంకు ఫొటో ఒకటి వచ్చింది. బాపు ఇంకా చదవకముందే నేను దాన్ని కత్తిరించుకుని చాచా దుకాణానికి పరిగెత్తాను. వెనక వైపు ఏముందో తెలుసుకోలేక బాపు ఆ వారమంతా సణిగాడు. ఫొటో నా దగ్గర ఉంది కాబట్టి పెత్తనమూ నాదే అనుకున్నాను. అన్నీ ఫొటోలో ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టేదాన్ని.

డాల్డా డబ్బా ఒళ్లయింది. బూటు పాలిష్ డబ్బా పైన తిరిగే తలకాయ అయింది. విరిగిన గొడుగు కాడ ఫిరంగి. సోడా సీసా మూతలు చక్రాలు, వాటి చుట్టూ పాత సైకిల్ చైను. చైను తెగిన సైకిలు ఎవరిదో నేను ఇప్పటికీ చెప్పను. అది తోస్తే నిజంగానే గరగరమని కదిలేది. చాచా మొహంలో నవ్వు లాంటిదేదో వచ్చి పోయింది.

ఖాలా మంచం లోపలి గదిలో, గుమ్మానికి ఎదురుగానే ఉండేది. ఆమెకు అంతా కనిపించేది. చాచాతో మాట్లాడదు కాబట్టి నన్ను అడిగేది. చాచా ఆమెకు నాలుగడుగుల దూరంలోనే ఉండేవాడు.

"బేటీ, అడుగు, కూసునేకాడ మెత్తగుంటదా?"

నేను అటు తిరిగి, "చాచా, మెత్తగుంటదా?" అనేదాన్ని.

"ఉంటదని జెప్పు" అనేవాడు. వెంటనే పాత మఖ్మల్ గుడ్డ ముక్కలో పత్తి కుక్కి గద్దె చేసేవాడు.

"దూపైతే?" అంటే బొటనవేలంత నీళ్ల డబ్బా తయారయ్యేది. "సలైతే?" అంటే చుట్టచుట్టిన కంబళి వెనకాల కట్టేవాడు. "నమాజు?" అంటే కంబళి పక్కన చిన్న జానెమాజ్ చాప చుట్ట చేరింది. రొట్టెలు పెట్టుకోవడానికి మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్ చేశాడు. ఆ గిన్నెలు విడివిడిగా ఊడి వచ్చేవి, మళ్లీ ఒకదాని మీద ఒకటి కూర్చునేవి. అంత చిన్న గిన్నెలకు మాటు పెడుతుంటే ఆయన ఊపిరి బిగబట్టేవాడు, నేను కూడా బిగబట్టేదాన్ని. వీటిలో కంబళి ఒక్కటే ఫొటోలో ఉంది. మిగతావి లేవని నేను గొణిగితే, లోపలివి ఫొటోకు ఎట్లా కనపడతాయని చాచా అన్నాడు. అది న్యాయంగానే తోచింది.

చివరికి ఖాలా అసలు సంగతి అడిగింది. "గాలి ఎటుకెళ్లి వస్తది?"

నేను ఈసారి ఆ మాట చేరవేయలేకపోయాను. చాచా డబ్బా పక్కన మేకుతో గీత గీసి, నలుచదరంగా ఒక కిటికీ కోయడం మొదలుపెట్టాడు. సన్నటి తీగలతో దానికి ఊచలు కూడా పెట్టాడు.

"చాచా, పేపర్ల కిటికీ లేదు!" అని నేను గట్టిగానే అన్నాను.

ఆయన నన్ను దగ్గరికి లాక్కుని మెల్లగా అన్నాడు. "కిటికీ ఉండదని నాకు తెల్వదా బేటా? పోయినసారి వచ్చినప్పుడు వాడే జెప్పిండు. లోపట సీకటంట, కొలిమి లెక్క ఉడుకంట. మీ ఖాలాకు జెప్పకు."

నేను చెప్పనని తలూపాను. ఫొటోను మడిచి గౌనులో దాచుకున్నాను.

ఇక మిగిలింది బురద. కిటికీ విషయంలో ఓడిపోయాను కాబట్టి బురదైనా నిజంగా ఉండాలనుకున్నాను. కాంటా దగ్గర బండి చక్రాలకు అంటిన నల్లరేగడి తెచ్చి పూశాను. ఆరగానే పెచ్చులుగా రాలిపోయింది. మా బర్రె దాణాలో కలపడానికి బాపు తెచ్చిన మొలాసిస్ ఇంట్లో ఉంది. అందులో రేగడి కలిపి పూశాను. అబ్బ, ఎంత బాగా పట్టిందో! సందుల్లో నల్లగా, అంచుల్లో తెల్లగా, అప్పుడే పొలంలోంచి వచ్చినట్టుంది. మురిసిపోయి, దాన్ని ఖాలా మంచం పక్కన గూట్లో పెట్టి ఇంటికి పోయాను.

పొద్దున పోయేసరికి ట్యాంకు నిండా చీమలు. మూతలోంచి దిగుతున్నాయి, కిటికీ ఊచల మధ్యనుంచి వస్తున్నాయి, టిఫిన్ గిన్నెల్లో తిరుగుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. దులపబోతుంటే ఖాలా నా చేయి పట్టుకుంది.

"ఉండనియ్యి బేటీ. సూడు, లోపటికి పోయినయ్ పోయినట్టే బయటికొస్తున్నయ్."

ఆమె మోచేతుల మీద లేచి కూర్చుంది. చీమలను చూసింది. కిటికీని చాలాసేపు చూసింది, వేలితో ఊచలు తడిమింది. తర్వాత గుమ్మం అవతల తలవంచుకుని కూర్చున్న చాచా వైపు చూసింది. ఏమనుకుందో ఏమో, గోడ పట్టుకుని లేచి పొయ్యి దగ్గరికి పోయింది. కాసేపటికి చాప మీద గుడ్డ పరిచి, రొట్టెలు పెట్టి, చాచాను నేరుగా పిలిచింది.

"ఆవో. సల్లగైతయ్."

ఆ పూట ఇద్దరూ తిన్నారు. నేను మా అవ్వకు చెప్పడానికి గోడ దూకబోయి మోకాలు చెక్కుకున్నాను.

యుద్ధం ఆగింది. భాయ్ క్షేమంగానే ఉన్నాడని కబురు వచ్చింది, ఎండలు ముదిరాక సెలవు మీద వస్తున్నాడని తెలిసింది. ఇల్లంతా సంబరం, చాచాకు మాత్రం గుబులు. కొడుకు వచ్చీ రాగానే కిటికీ చూసి నవ్వితే ఏం కావాలి? మళ్లీ ఫౌజుకు పోవలసినవాడు, మళ్లీ అందులోనే కూర్చోవలసినవాడు. ముందే చెవిలో వేయాలని ఆ రోజు చాచా పొద్దుటి నుంచీ బస్టాండులో కాపు కాశాడు. తీరా భాయ్ నిజామాబాద్ నుంచి బస్సు కాకుండా రైలెక్కి వచ్చాడు.

ఇంట్లోకి వచ్చేసరికి ఖాలా, మా అవ్వ, నేను ఉన్నాం. ఖాలా అతని మొహం, చేతులు, వీపు అంతా తడిమింది. ఏడ్చింది. మంచినీళ్లు ఇచ్చింది. ఆ తర్వాత గూట్లోంచి ట్యాంకు తీసి అతని చేతిలో పెట్టింది.

"మీ అబ్బా జేసిండు. గిట్లనే ఉంటదా?"

అవ్వ చీర కొంగు నోట్లో పెట్టుకుంది. భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మూత తెరిచి గద్దె చూశాడు. టిఫిన్ గిన్నెలు ఒక్కొక్కటే విప్పి మళ్లీ అమర్చాడు. కిటికీ దగ్గర అతని వేలు ఆగింది. నేను కళ్లు మూసుకున్నాను.

"అంతా గిట్లనే ఉంటది అమ్మీ" అన్నాడు. "గని ఒక్కటి తప్పు జేసిండు."

"ఏంది?"

"కిటికీ గింత చిన్నగుండదు. గిట్లుంటది" అని రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు.

సరిగ్గా అప్పుడే చాచా చెమటలు కక్కుతూ గుమ్మంలోకి వచ్చాడు. కొడుకును చూసి సంతోషించే సందు కూడా ఇవ్వకుండా ఖాలా ఆయన మీద విరుచుకుపడింది. "గింత చిన్న కిటికీ పెడ్తవా! నా బిడ్డకు గాలి జాలదని నన్నేడిపిస్తవా!" చాచా బిత్తరపోయి కొడుకును చూశాడు. కొడుకు నవ్వాడు. ఆయన "గల్తీ అయింది" అని, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటూ దుకాణంలోకి పోయాడు. చాలాసేపటి వరకు మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. భాయ్ ఫౌజులో పని పూర్తి చేసుకుని ఇంటికొచ్చాడు. మా పెళ్లిళ్లు అయ్యాయి. ప్లాస్టిక్ బకెట్లు వచ్చి మాటు పెట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. ఫ్యాక్టరీ కూడా మూతపడింది. ఇప్పుడు చలికాలంలో బోధన్ పోతే ఏ వాసనా రాదు, ఆరేసిన బట్టలు తెల్లగానే ఉంటాయి. మా చీమల ట్యాంకు ఏమైందో కూడా తెలియదు.

చాచా చనిపోయిన ఏడాది పరామర్శకు పోయాను. ఖాలా అప్పటికి బాగా పెద్దదైంది. అయినా నన్ను ముందర కూర్చోబెట్టుకుని జడ విప్పింది. మాటల్లో ఆ రోజుల ముచ్చట వచ్చింది. చాచా లేడు కదా, ఇక దాచడమెందుకని అడిగాను.

"ఖాలా, గా కిటికీ నిజమనే అనుకున్నవా?"

ఆమె నవ్వింది.

"మాటు పెట్టెటోని పెండ్లాన్ని బేటీ. బెజ్జం పడ్డ డబ్బా కారుతదని నాకెర్క లేదా? గోలీలు తగిలే బండికి ఎవడన్న కిటికీ పెడ్తడా?"

"మరెందుకు తిన్నవు?"

"నేను తింటలేనని మీరందరు నన్నే సూసిండ్రు. మీ చాచ గూడ గన్ని దినాల సంది తింటలేడు, ఎవ్వరు సూడలే. గా కిటికీ కోసుకుంట ఆయన చేతులు వణుకుతుండె. గప్పుడు సమజైంది, నా కంటె ఎక్కువ బుగులు ఆయనకే ఉన్నదని. నేను కూసుంటె తప్ప ఆయన ముద్ద ముట్టడు. గందుకే లేచిన."

"ఆ మాట చాచాకు ఎన్నడన్న చెప్పినవా?"

"ఎందుకు జెప్పాలె? కిటికీ పెట్టి నన్ను బతికించుకున్ననని ఆఖరి దాంక ఖుషీగ ఉండె. గట్లనే పోయిండు."

అని నా జడ బిగించి అల్లి, చివర ముడి వేసింది. నాకు కన్నీళ్లు ఆగలేదు. వాళ్ల గోడ పక్కన పుట్టి పెరిగాను, వాళ్ల చేతి రొట్టె తిన్నాను. నా బతుకులో నాకు దొరికిన అదృష్టాలన్నిట్లోకీ అదే పెద్దదని నేను ఆ రోజు ఆమెకు చెప్పాను. ఆమె, "సరే గని, తిని పో" అంది.